దివ్యాంగశబ్ద విమర్శనము

లోకవ్యవహారమున నొకరి నొకరు పేర్కొనుటకై వాడు పదములను గూర్చిన విచారము వ్యాకరణశాస్త్రమునకు వెలియైనది కాదు. ఏది సాధువు, ఏది యసాధువు అని నిర్ణయించుటతోనే యా శాస్త్రము ముగియదు. ఏ పదము ఏ భావముతో ఎవరి నుద్దేశించి పలుకఁబడుచున్నదో యదియు దానికి విషయమే. ఆక్రోశము, కుత్సనము, ప్రశంస, అసూయ మున్నగు వక్తృభావములను నిమిత్తములుగాఁ గొని పాణిని విధించిన సూత్రము లనేకములు కలవు. కావున దేహమునందో యింద్రియమునందో లోపము గలవారి నెట్లు పేర్కొనవలెనను నేఁటి వివాదమును శబ్దశాస్త్రదృష్టితోఁ బరిశీలించుట యుచితము.

2015 డిసెంబరు 27వ తేదీని ఆకాశవాణి ప్రసంగమున భారతప్రధాని నరేంద్ర మోదీ 'వికలాంగ' పదమునకు బదులుగా 'దివ్యాంగ' పదమును వాడుట మేలని సూచించిరి. 2016లోఁ గేంద్రప్రభుత్వమున నీ విషయమును జూచు శాఖ హిందీ పేరునందు నా పదము చేరినది. హక్కులకై పనిచేయు సంఘములు కొన్ని యప్పుడే దాని నాక్షేపించినవి. 2019లో ఐక్యరాజ్యసమితికిఁ జెందిన హక్కుల సంఘము భారతదేశ నివేదికను బరిశీలించి, యీ పేరు వివాదాస్పదమని వ్రాసినది. తెలుఁగునాట 'వికలాంగులు', 'దివ్యాంగులు', 'విభిన్నప్రతిభావంతులు' అను మూఁడు పేర్లును బత్రికలందును బ్రభుత్వపత్రములందును నేఁడు కలగాపులగముగాఁ గనఁబడుచున్నవి. వీనిలో నేది మేలు? అసలు పేరు మార్చినంతనే మేలు గలుగునా? ఇవి విచార్యాంశములు.

పూర్వపక్షము

నూతనపదమును సమర్థించువారి వాదము త్రోసివేయఁదగినది కాదు. వికలశబ్దము విన్నంతనే కొఱత స్ఫురించును. కొఱత స్ఫురింపఁగానే చులకన పుట్టును. ఆ చులకన యావజ్జీవము మనిషిని వెంటాడును. దివ్యశబ్దమైనచో గౌరవము స్ఫురించును; విన్నవాని మనస్సు మెత్తనగును. చూపు లేనివారు వినికిడియందును, మాట రానివారు చేతిపనియందును అసాధారణమైన నేర్పు చూపుట లోకమున నున్నదే. కావున నా నేర్పును బట్టి పేరు పెట్టుట న్యాయమని వారందురు. ఈ పేరును సంతోషముతో స్వీకరించినవారును గలరు. సంకల్పము మంచిదేయని యంగీకరించియే విచారము సాగింపవలెను.

సమాసవిచారము

రెండు పదములును బహువ్రీహులే. వికలములైన యంగములు గలవాఁడు వికలాంగుఁడు. దివ్యములైన యంగములు గలవాఁడు దివ్యాంగుఁడు. బహువ్రీహి యన్యపదార్థప్రధానము. అనఁగా సమాసమునందున్న రెండు పదముల యర్థములును గౌణములై, సమాసమునకు వెలుపలనున్న వ్యక్తియే ప్రధానుఁడగును. ఈ దృష్టితోఁ జూచినచో వికలాంగశబ్దమునందు నింద యేమియు లేదు. మనిషియే ప్రధానము; అంగము గౌణము; వైకల్యము ఆ యంగమునకు విశేషణము మాత్రమే. కళ విగతమైనది వికలము. బహుళపక్షమునఁ జంద్రునకుఁ గళ తఱిఁగిన మాత్రమున నతఁడు చంద్రుఁడు గాకపోఁడు. మఱి యా పదము చులకన యేల యైనది? వ్యుత్పత్తివలనఁ గాదు, వాడినవారి చూపు వలన. ఎదుటివాని నవయవలోపముగానే చూచు లోక మే పదమును జేతఁబట్టినను దానికా మకిలి యంటించును.

దివ్యాంగశబ్దమునకు లక్షణదోషములును గలవు. మొదటిది యవ్యాప్తి. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను బేర్కొన్నది. అంతకుముందున్న 1995 నాఁటి చట్టము పేర్కొన్నవి 7 మాత్రమే. క్రొత్తగాఁ జేరినవానిలో నెత్తురునకు సంబంధించిన వ్యాధులు కలవు. చదువు నేర్చుటయందలి ప్రత్యేకమైన యిబ్బందులును గలవు. వీనికి నంగశబ్దమే చాలదు. రక్తమున లోపమున్న బాలునకు దివ్యములైన యంగము లెక్కడివి? ఈ యవ్యాప్తి వికలాంగశబ్దమునకును సమానమే. రెండవది యతివ్యాప్తి. దివ్యములైన యంగములు దేవతలకును, గావ్యములందలి నాయికలకును జెప్పఁదగును. మూఁడవది యసంభవము. చూపులేని కన్ను దివ్యమైనది యనుట ప్రత్యక్షవిరుద్ధము. లక్షణచేత నర్థము సాధింపవచ్చునందురేని, ముఖ్యార్థము బాధితమైనచోటనే లక్షణ ప్రవర్తించును. ఆ బాధ మొట్టమొదట నెవ్వని చెవికిఁ దగులునో యాతఁడే యా పేరు పెట్టఁబడినవాఁడు.

గౌరవపదము గౌరవముగనే నిలుచుననుటకును బ్రమాణము లేదు. ఆక్రోశమర్థమైనచో సమాసమున షష్ఠీవిభక్తికి లోపము లేదని పాణిని ఆఱవ యధ్యాయము మూఁడవ పాదమున 21వ సూత్రమునఁ జెప్పెను. ఆ సందర్భమున వార్తికకారుఁడు దేవానాంప్రియశబ్దమును జేర్చెను. దేవతలకుఁ బ్రియుఁడైనవాఁడని యా పదమున కర్థము. క్రీస్తునకు పూర్వము మూఁడవ శతాబ్దిని అశోకచక్రవర్తి తనకుఁ దాను బెట్టుకొన్న బిరుదమది. కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి శాసనములందును జెక్కఁబడియున్నది. ఆ బిరుదమే పదునేడవ శతాబ్దియందలి సిద్ధాంతకౌముది నాఁటికి మూర్ఖవాచకమై నిలిచినది. చక్రవర్తి ధరించి ఱాతిమీఁదఁ జెక్కించిన దేవసంబంధి నామమే దిగజాఱఁగా, కార్యాలయపుఁ గాగితముమీఁది దివ్యశబ్దము దిగజాఱదను నమ్మకమెట్లు?

విభక్తివిచారము

అట్లయిన నామమున లేని దయ యెక్కడ నున్నది? విభక్తియందున్నది. రెండవ యధ్యాయము మూఁడవ పాదమున 20వ సూత్ర మంగవికారమును గూర్చినది. ఏ యంగము వికృతమగుటచే నంగియైన మనిషికి వికారము చెప్పఁబడునో యా యంగవాచకమునకుఁ దృతీయ వచ్చునని దాని భావము. కంటిచేఁ గాణుఁడు, కాలిచేఁ గుంటివాఁడు అనునవి యుదాహరణములు. వ్యాఖ్యాత లిచటఁ బ్రత్యుదాహరణ మొకటి చూపిరి. 'ఇతని కన్ను కాణము' అనునప్పుడు తృతీయ రాదు. ఏలయన, ఇచట వికారము కంటియందే నిలిచినది, మనిషిమీఁదికిఁ బ్రాఁకలేదు.

విషయమొక్కటే, కన్ను నొక్కటే, వాక్యములు రెండు. ఒకదానిలో లోపము మనిషినంతను గప్పినది. రెండవదానిలో నుండవలసినచోట నుండినది. లోపమును దాఁచక, మనిషిని లోపముగాఁ జేయక చెప్పు మార్గమున్నదని శాబ్దికు లెన్నఁడో గుర్తించిరనుట కీ ప్రత్యుదాహరణమే సాక్షి. ఇందులో నొక్క గౌరవపదమైన లేదు. ఉన్నది సంబంధము నొప్పుగా నిలుపుట మాత్రమే.

తెలుఁగునకు నీ సంపద స్వతస్సిద్ధము. 'వాఁడు చెవిటివాఁడు' అనుట యొకటి. 'వానికిఁ జెవుడు' అనుట మఱొకటి. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున కువర్ణకమును షష్ఠియందుఁ జేర్చెను. ఆ గణన మెట్లున్నను, ఆ ప్రత్యయము చేయు మేలు స్పష్టము. జ్వరము వచ్చినవానిని 'వానికి జ్వరము' అందురేకాని జ్వరమునే వానికిఁ బేరుగాఁ బెట్టరు. చెవుడునకు మాత్ర మా న్యాయ మేల వర్తింపరాదు? వ్యావహారికభాషకై జీవితమంతయుఁ బోరాడిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) సవరల నడుమఁ దిరుగుచు మన్యపు జ్వరమునకుఁ గొయినా సేవింపఁగా నాయనకుఁ జెవుడు వచ్చినది. ఈ వాక్యమునఁ జెవుడు ఆయన చరిత్రలో నొక సంఘటన. దానినే తద్విశేషణముగా మార్చి యాయన పేరునకు ముందుఁ జేర్చినచో సవరభాషకుఁ జేసిన సేవయు, వాదములును, గ్రంథములును వెనుకఁబడి, చెవియే ముందునకు వచ్చును.

ఇంకొక విశేషము. బాలవ్యాకరణ పరిభాషలో స్త్రీవాచకము లేకవచనమున నమహత్తులతోడను, బహువచనమున మహత్తులతోడను గూడును. ఆ కారణమునఁ జూపులేని పురుషుఁడు 'గ్రుడ్డివాఁడు' కాఁగా, చూపులేని స్త్రీ 'గ్రుడ్డిది' అగుచున్నది. కోడియు నదియే, మేఁకయు నదియే. ఒకే వైకల్యమునకు స్త్రీ రెండు తాపులు తినుచున్నది. 'చూపు లేనివారు', 'వినికిడి లేనివారు', 'నడువలేనివారు' అను బహువచనరూపములు వాడినచో లింగభేదమువలని చులకనయుఁ దొలఁగును, బూజ్యార్థమును సిద్ధించును. ఇవి క్రొత్తగాఁ గల్పించిన పదములు గావు. తెలుఁగుపల్లెలందు మర్యాద తెలిసినవారు నేఁటికిని బలుకునవే.

గ్రుడ్డిగవ్వ, గ్రుడ్డినమ్మకము, కుంటిసాకు, చెవిటివాని ముందఱి శంఖము మున్నగు పలుకుబడుల మాట యేమని యడుగవచ్చును. ప్రాచీనగ్రంథములఁ దిద్దుట యెవ్వరికిని దగదు. అవి యట్లే యుండవలెను. క్రొత్తగా వ్రాయువాఁడు మాత్రము 'చెల్లని గవ్వ', 'విచారింపని నమ్మకము', 'నిలువని సాకు' అని వ్రాసినచో నర్థమునకుఁ గొఱతయు లేదు, స్పష్టత యధికమును. చెడ్డదనమునకెల్ల నంగలోపమునే యుపమానముగా వాడుట కవియొక్క యలసత్వమే కాని యలంకారము కాదు. ఏ యింట నట్టి బిడ్డ యున్నదో యా యింటివా రా సామెతను వినునపుడు సాదృశ్యమును గాక తమ బిడ్డనే తలఁచుకొందురు.

ధర్మశాస్త్రవిచారము

ఈ విషయమును బ్రాచీనులు భాషామాత్రముగాఁ జూడలేదు, వ్యవహారపదములలోఁ జేర్చిరి. 1909లో ముద్రితమై వెలుఁగుచూచిన కౌటిలీయార్థశాస్త్రమున మూఁడవ యధికరణము వాక్పారుష్యమును విచారించుచున్నది. దేహలోపము నెత్తి నిందించినప్పుడు, ఆ లోపము నిజమైనచో మూఁడు పణములు, అబద్ధమైనచో నాఱు పణములు దండము. ఇంతవఱకు నెవ్వరైన నూహింపఁగలరు. తరువాతిది విశేషము. కంటిలోపము గలవానిని జక్కని కన్నులవాఁడని స్తుతిరూపమున నిందించినచోఁ బండ్రెండు పణములు! నిజమునకంటె నబద్ధమునకు రెట్టింపు. అబద్ధమునకంటె బొంకుపొగడ్తకు మఱల రెట్టింపు. యాజ్ఞవల్క్యుఁడును వ్యవహారాధ్యాయమున సత్యము, అసత్యము, విపరీతస్తుతి యను మూఁటిని నొక్క సూత్రమునఁ గట్టి దండ్యములుగాఁ జేసెను. నిజము చెప్పినను దండుగ తప్పదని మనువు చెప్పెను.

దివ్యాంగశబ్దమును వాడువారి కవహేళనబుద్ధి లేదు. కావున వారు కౌటిల్యుని దండమునకుఁ బాత్రులు గారు. అయినను లేని గుణము నారోపించి పొగడుట విన్నవాని కెట్లు తగులునో యా శాస్త్రకారుఁ డెఱుఁగును. ఉద్దేశము వక్తయందుండును, గాయము శ్రోతయందుండును. స్తుతినింద యనిపించు ప్రమాదమున్న పదమును మంచి మనస్సుతోనైనను వాడకుండుట మేలు.

ఐతే ఈ శాస్త్రములఁ జూపి పూర్వులు సర్వమును దీర్చిరని గర్వపడుటకు వీలు లేదు. ఆ ప్రకరణములందే దండములు వర్ణభేదమును బట్టి మాఱుచుండును. అంతకంటె ముఖ్యమైనది: దేహలోప మెత్తి పలికినవానికి దండము విధించిన మనువే పుట్టుకతోఁ జూపు లేనివారికిని, వినికిడి లేనివారికిని, మాట రానివారికిని దాయభాగము లేదనెను, గ్రాసవాసములు మాత్ర మిమ్మనెను. మాట మెత్తన, భాగము శూన్యము. ఈ లోపము 1928 నాఁటి చట్టముతోఁ జాలవఱకును, 1956 నాఁటి హిందూవారసత్వ చట్టముతోఁ బూర్తిగను దీఱినది. కావున మాట మర్యాద హక్కునకు బదులు కాఁజాలదని మన శాస్త్రచరిత్రయే చాటుచున్నది. 2016 నాఁటి చట్టము రెంటిని గలిపినది. పదుగురు చూచుచుండఁగా నవమానింపవలెనను బుద్ధితో వైకల్యముగలవారిని నిందించినవారికి 6 నెలలు మొదలు 5 ఏండ్లవఱకుఁ గారాగారమును జుల్మానాయు విధించినది. విద్య, ఉద్యోగము, సమాచారము వారికి హక్కులని పలికినది.

సంజయదృష్టాంతము

ఈ సత్యమునకు భారతమే పెద్ద యుదాహరణము. ధృతరాష్ట్రునికిఁ బ్రజ్ఞాచక్షువను పేరు గలదు. ఇది దివ్యాంగశబ్దమునకుఁ బూర్వరూపమే: కన్నులు లేకపోయినను బుద్ధియే కన్నుగాఁ గలవాఁడు. కాని చూపు లేదను కారణముననే జ్యేష్ఠుఁడైన యాతనికి రాజ్యము దక్కలేదు. గౌరవనామము నోట నిలిచినది. సింహాసనము తమ్మునికిఁ బోయినది. ఆ వేదన కుమారస్నేహముతోఁ గలిసి యెట్టి విషవృక్షమైనదో చెప్పనక్కఱలేదు. అతని దోషముల కది సమాధానము కాదు. ఐనను బిరుదముతో నోదార్చి హక్కును నిరాకరించుటవలన శాంతి కలుగదనుట కది దృష్టాంతము.

భీష్మపర్వారంభమున వేఱొక ఘట్టము గలదు. యుద్ధము చూచుటకు దృష్టి నిత్తునని వ్యాసుఁడు ధృతరాష్ట్రున కనెను. బంధుమరణమును జూడనొల్ల ననియు, జరిగినది వినఁగోరుదుననియు నాతఁడు బదులు చెప్పెను. అప్పుడా దివ్యదృష్టి సంజయునకుఁ గలిగినది. ఈ క్రమమును గమనింపవలెను. వ్యాసుఁడు మొదట నడిగెను. కోరినది విన్న తరువాతనే యిచ్చెను. దివ్యత్వ మెవ్వనికిఁ జేరినది? చూపు లేనివానికిఁ గాదు, చూచి చెప్పవలసినవానికి. అనఁగా దివ్యమైన శక్తి యవసరమైనది శ్రోతకుఁ గాదు, వక్తకు. దివ్యాంగశబ్దము సరిగా నిచ్చటఁ దలక్రిందైనది. సమాజము తాను సంపాదింపవలసిన నేర్పును ఎదుటివానియందు లేని దివ్యత్వముగా నారోపించి, తన పని తీఱినదనుకొనుచున్నది.

సంజయుని వచనశైలి పరిశీలింపఁదగినది. ఆతఁడు వచ్చి మొట్టమొదట భీష్ముఁడు పడెనని ముఖ్యవిషయమును జెప్పెను. కథను దరువాత మొదటినుండి యెత్తుకొనెను. ఎవ్వ రెచ్చట నిలిచిరి, ఎవ్వని ధ్వజమెట్టిది, ఏ శంఖ మెవ్వరిది యని చూపు లేని శ్రోతకుఁ గావలసిన గుఱుతులన్నియుఁ జెప్పెను. రాజు నడుమనడుమ నడిగిన ప్రశ్నలకు విసుగులేక బదులిచ్చెను. జాలిచే నేమియు దాఁచలేదు. నీ తప్పిదమే యిది యని ముఖముననే పలికెను. తిక్కన తెనిఁగించిన యుద్ధపర్వములందు నీ సంవాదమే కథకు వెన్నెముక. కరుణ యనఁగా నిజమును మెత్తఁజేయుట కాదు. నిజమును శ్రోతకు జేరునట్లు చెప్పుట.

శాబ్దబోధకు నాకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని శాస్త్రము. పదములు శ్రోతను జేరనేచేరనిచో సన్నిధి యెక్కడిది? మాట వినఁబడనిచోట వ్రాత లేకున్నను, వ్రాత కనఁబడనిచోట పలుకు లేకున్నను, వాక్య మెంత సాధువైనను బోధకము కాదు. 2006 నాఁటి ఐక్యరాజ్యసమితి యొడంబడిక సమాచారవినిమయమునకు నిర్వచనము చెప్పుచు స్పర్శలిపిని, బెద్దయక్షరములను, సంకేతభాషను, సులభమైన భాషను, జదివి వినిపించు మనిషినిఁ గూడఁ జేర్చినది. భారతదేశ మా యొడంబడికను 2007లో నంగీకరించెను. ఢిల్లీలో 2015లో స్థాపితమైన భారతీయ సంకేతభాషా కేంద్రము 2018లో 3,000 పదములతో వెలువరించిన నిఘంటువు 2021 నాఁటికి 10,000 పదములకుఁ బెరిగినది. ఇంతటి శబ్దసంపద గలవారిని మూగలనుట యసత్యవచనము. వారికి భాష యున్నది, దానిని జదువుట తక్కినవారికి రాదు.

ఈ సంజయకార్యము సాహిత్యపరిశోధకులకును దప్పదు. ప్రాచీనపత్రికలు, తాళపత్రప్రతులు, నిఘంటువులు నేఁడు ఛాయాచిత్రములై గణకయంత్రములఁ జేరుచున్నవి. కాని చిత్రముగా నున్న పుటను జదివి వినిపించు సాధనమునకు నక్షరము కనఁబడదు. చూపు లేని విద్యార్థికి నది తెల్లకాగితమే. పుటను యూనికోడు అక్షరములలోఁ బొందుపఱచినపుడే యది పలుకును. స్పర్శలిపిలో వ్రేలు ఒక్కొక్క యక్షరమును దడవుకొనుచుఁ బోవును. విరామము లేని పదునాఱు పదముల సమాస మచట నలంకారము కాదు, అగడ్త. విడఁదీసి వ్రాసిన వాక్యము చూపున్న పాఠకునకును సుగమమే. ఎండుకట్టెల నగ్ని వలె నర్థము మనస్సును వ్యాపించుట ప్రసాదగుణమని యాలంకారికులు చెప్పిరి. ఆ గుణమునకుఁ బాఠకు లందఱు నర్హులే. దానివలన భాష గౌరవము తగ్గునను భయము నిరాధారము.

సిద్ధాంతము

కావునఁ దేలిన దిది. పేరు పెట్టుటకు మున్ను పెట్టఁబడువారి నడుగవలెను. చలనచిత్రవివాద మొకదానిలో 2024 జూలై 8న సర్వోన్నతన్యాయస్థానము వెలువరించిన మార్గసూచనల సారమును నిదియే: వారితో నాలోచింపక వారినిఁ గూర్చి నిర్ణయింపరాదు. ఒకఁడు తన్ను దివ్యాంగుఁడనుమన్నచో నట్లే యనవలెను, వలదన్నచో మానవలెను. లోపమును జెప్పవలసివచ్చినపుడు విభక్తితోఁ జెప్పవలెను. చెప్పనక్కఱలేనపుడు మనిషి పేరే చాలును. అన్నిటికంటె ముఖ్యముగా మాట వారిని జేరునట్లు చేయవలెను. నామము నలంకరించుట నిమిషము పని; సంజయుఁడగుట పదునెనిమిది నాళ్ల శ్రమ. శబ్దవేత్త లీ రెంటిలో నేది తమ శాస్త్రమునకుఁ దగినదో విచారింతురు గాక.